కుదుపు వచ్చింది, దిగండి

అంగారకుడి మీద నౌకను దింపడం గురించి నిపుణులు వేగమనీ వేడనీ ఏవేవో చెబుతారు. గంటకు సుమారు 20 వేల కిలోమీటర్ల వేగంతో వచ్చే నౌకను ఏడు నిమిషాల్లో నిలబెట్టాలట. అక్కడి వాతావరణం మనదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. ఒళ్లు కాల్చడానికి సరిపోతుంది (అందుకే నౌకకు ఉష్ణకవచం తొడుగుతారు) గాని బండి ఆపడానికి చాలదు. ఇవన్నీ నిజమే. కానీ అసలు తంటా దిగామో లేదో తెలుసుకోవడంలో ఉంది. దీన్ని మా బావగారు మొన్న వేసవిలో దూసి రైల్వే స్టేషను దగ్గర ప్రయోగపూర్వకంగా నిరూపించారు.

విజయనగరంలో ప్యాసింజరు ఎక్కిన ఆయన, చీపురుపల్లి దాటగానే సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. (దిగాల్సిన ఊరు వచ్చేదాకా సీట్లో కూర్చునే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు.) చంకలో ఆవకాయ జాడీ, దాని చుట్టూ మూడు మడతల పాత నేత చీర. పొందూరు దాటాక బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. శ్రీకాకుళం రోడ్ వచ్చేసిందనుకుని మా అక్కకు ఫోను చేసి ‘దిగిపోయాను’ అన్నారు. అని, చీకట్లో కాలు కింద పెట్టారు. అక్కడ ప్లాట్‌ఫారం లేదు.

నవ్వే ముందు 1999 డిసెంబరు గుర్తు చేసుకోండి. అమెరికా వారి మార్స్ పోలార్ ల్యాండర్ ఇంకా కిలోమీటరున్నర ఎత్తులో ఉండగా కాళ్లు చాపింది. ఆ కుదుపును దాని కంప్యూటర్ ‘నేల తగిలింది’ అని రాసిపెట్టుకుంది. నేల నలభై మీటర్లు ఉందనగా ఆ చీటీ తీసి చూసుకుని ఇంజిన్లు ఆపేసింది. దర్యాప్తు చేసినవారు ఎక్కువగా అనుమానించింది దీన్నే. రాడార్ పక్కనే ఉంది, ఎవరూ దాన్ని అడగలేదు. మా బావగారి ఎదుటి సీట్లోనూ ఒక ముసలమ్మ ఉంది. ‘ఇది ఏ ఊరమ్మా’ అని ఒక్క మాట అడిగితే చెప్పేది.

ఐరోపా వారి అంగారక నౌక స్కియాపరెల్లిది ఇంకో మెట్టు పైన. 2016 అక్టోబరులో పారాచూట్ విచ్చుకున్నప్పటి ఊపుకి దాని కొలత పరికరానికి ఒక్క సెకను కళ్లు తిరిగాయి. లెక్క వేసుకుంటే తాను నేలమట్టానికి కిందనే ఉన్నట్టు తేలింది. వెంటనే పారాచూట్ వదిలేసి, ఇంజిన్లను మూడు సెకన్లు మండించి ఆపి, నేల మీద చేయాల్సిన పనులు మొదలుపెట్టింది. అప్పటికి అది 3.7 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మా అక్క కూడా ఆ ఫోను విని అన్నానికి ఎసరు పెట్టేసింది.

అయితే జాడీకి గీత పడలేదు. చీర మడతలతో సహా కంకర మీద దొర్లుకుంటూ పోయి తుప్పల్లో ఆగింది. 1997లో పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద గాలిసంచుల్లో ఒదిగి పదిహేనుసార్లకు పైగా ఎగిరెగిరి పడింది కదా, అదే సూత్రం. మన అత్తగార్లకు పేటెంట్ల మీద ధ్యాస లేదు గాని, ఆవకాయ రవాణాలో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది.

రాత్రి పదకొండుకు ఆటోలో ఇల్లు చేరిన బావగారు ఓటమి ఒప్పుకోలేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషనే ఆమదాలవలసలో ఉన్నప్పుడు, తాను దూసిలో దిగడం ఏపాటి తప్పు అన్నారు. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్‌కే 20 కిలోమీటర్ల పొడవున ఎక్కడ దిగినా సరేనన్నారట. ఆ లెక్కన తనది విజయవంతమైన ల్యాండింగే.

అక్క జాడీ మూత తీసి వాసన చూసి, ఆయన పాదాల వైపు చూసింది.

“మరి రెండో చెప్పేదండీ?”

“ఉష్ణకవచాన్ని దారిలోనే వదిలేస్తారే,” అన్నారు బావగారు.