‘వెంటనే’ అనే మాట చాటున ఫుకుషిమా

2011 మార్చి 12, మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలు. జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రంలో ఒకటో రియాక్టర్ భవనం పై భాగం పేలిపోయింది. ఎక్కడో కొండల్లో ఓ స్థానిక చానల్ పెట్టి ఉంచిన కెమెరాకు అది చిక్కింది. నాలుగు నిమిషాల్లో ఆ ప్రాంత జనం టీవీల్లో చూసేశారు. ఆ దృశ్యం దేశమంతా ప్రసారం కావడానికి మాత్రం గంటకు పైగా పట్టింది. ప్రధాని నవోటో కాన్ కూడా అప్పుడే చూశారు, తన కార్యాలయంలోని టీవీలో. అణు భద్రతా సంఘం అధ్యక్షుడు హరుకి మదరామె అదే రోజు పొద్దున హెలికాప్టర్‌లో ఆయన పక్కనే కూర్చుని, హైడ్రోజన్ పేలుడు జరగదని చెప్పారు. టీవీ చూసి మదరామె తల పట్టుకున్నారని ఆ గదిలో ఉన్నవాళ్లు తర్వాత రాశారు.

సాయంత్రం 5 గంటల 47 నిమిషాలకు ప్రభుత్వ ప్రధాన ప్రతినిధి యుకియో ఎదానో మైకు ముందుకొచ్చారు. ‘ఏదో ఒక రకమైన పేలుడు లాంటి ఘటన’ జరిగిందన్నారు. అప్పటికే కోట్ల మంది ఆ పేలుడును కళ్లారా చూశారు. ప్రభుత్వం దగ్గర మాత్రం ఆ పాటి సమాచారమే ఉంది.

ఎదానో అబద్ధమాడారని నేను అనను. ఆ సమయానికి ఆయనకు నిజంగానే తెలియదు. ఫుకుషిమా గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ప్రభుత్వం నిజం దాచిందన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. నాకు కనిపించేది కాస్త వేరు. ముందు వాళ్లకు ఏమీ తెలియలేదు. తెలియదన్న సంగతిని దాచారు. అలా దాచే అలవాటు ఒకసారి పడ్డాక, తెలిసినవి కూడా దాచడం మొదలైంది.

ఎందుకు తెలియలేదో చెప్పాలంటే ఒకరోజు వెనక్కి వెళ్లాలి. మార్చి 11 మధ్యాహ్నం 2:46కు 9.0 తీవ్రతతో భూకంపం. నడుస్తున్న మూడు రియాక్టర్లూ వెంటనే ఆగాయి, అంతవరకు బాగానే ఉంది. సుమారు 50 నిమిషాల తర్వాత 14, 15 మీటర్ల ఎత్తు సునామీ వచ్చిపడింది. డీజిల్ జనరేటర్లలో ఎక్కువ భాగం నేలమాళిగల్లో ఉన్నాయి, మునిగిపోయాయి. కరెంటు లేదు కాబట్టి కూలింగ్ లేదు, మీటర్లూ పనిచేయవు. కంట్రోల్ రూమ్‌లో సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని తిరిగారు. కార్ల నుంచి బ్యాటరీలు పీకి తెచ్చి, తీగలు కలిపి, రియాక్టర్లో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూడబోయారు. ఆ మీటర్లు చూపించిన అంకెల్లోనూ కొన్ని తప్పే. ఇక టోక్యోలో కూర్చున్నవాళ్లకు ఏం తెలుస్తుంది?

కాకపోతే సునామీ సంగతి అలా కాదు. 15.7 మీటర్ల అల రావచ్చని 2008లోనే, ప్లాంటును నడిపే టెప్కో కంపెనీ సొంత లెక్కల్లో తేలింది. కంపెనీ గోడ కట్టలేదు. ఆ లెక్కను నియంత్రణ సంస్థ చేతికిచ్చింది 2011 మార్చి 7న, అంటే విపత్తుకు నాలుగు రోజుల ముందు. ఆ నియంత్రణ సంస్థేమో అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖ కిందే ఉండేది. దొంగా పోలీసూ ఒకే ఇంట్లో కాపురం ఉన్నట్టు.

ఆ మొదటి వారాల్లో ఎదానో జనానికి ఒక రకంగా హీరో. నీలిరంగు పనివాళ్ల చొక్కా వేసుకుని, రాత్రీ పగలూ తేడా లేకుండా ప్రెస్ మీట్లు పెట్టారు. ‘ఎదానో, కాస్త నిద్రపో’ అంటూ ట్విటర్‌లో జనం ఆయన కోసం బెంగపడ్డారు. టెప్కో అధ్యక్షుడు మసతాకా షిమిజు కొన్ని వారాల పాటు బయట కనిపించనే లేదు. ఆయనతో పోలిస్తే ఎదానో ఎంతో మేలు. కానీ ఎదానో నోట పదే పదే వచ్చిన ఒక మాట మాత్రం తర్వాత దేశమంతటా ఎగతాళి అయింది: ‘తదాచినీ’. వెంటనే అని అర్థం. ఈ రేడియేషన్ వల్ల ఆరోగ్యానికి ‘వెంటనే’ హాని లేదు అనేవారు. వాక్యంగా చూస్తే తప్పు లేదు. కానీ చంకలో బిడ్డతో టీవీ ముందు నిలబడ్డ తల్లి అడిగే ప్రశ్న వెంటనే సంగతి కాదు కదా, పదేళ్ల తర్వాతి సంగతి. లాయరుగా పనిచేసిన మనిషి కాబట్టి ఎదానోకు మాట జారనివ్వకపోవడం బాగా తెలుసు. ఆ నైపుణ్యమే ఆయన్ని ముంచింది. ‘పరిస్థితి అదుపులోనే ఉంది, వదంతులు నమ్మవద్దు’ అనే మన ప్రకటనలు విని విని ఉన్న తెలుగువాళ్లకు ఆ వాక్యం రుచి కొత్తగా చెప్పక్కర్లేదు.

మరో మాట ‘మెల్ట్‌డౌన్’, అంటే రియాక్టర్ నడిబొడ్డున (కోర్‌లో) ఉన్న ఇంధనం కరిగిపోవడం. మార్చి 12 మధ్యాహ్నమే నియంత్రణ సంస్థ ప్రతినిధి కోయిచిరో నకమురా, రియాక్టర్ కోర్ కరుగుతూ ఉండొచ్చని విలేకరులకు చెప్పారు. ఆయన చెప్పింది సరైనదే. ఆయన్నే ఆ పని నుంచి తప్పించారు. మార్చి 14న టెప్కో ఉపాధ్యక్షుడు సకాయె ముతో ప్రెస్ మీట్‌లో ఉండగా కంపెనీ ఉద్యోగి ఒకరు చీటీ అందించి, ఈ మాట వాడొద్దని ప్రధాని కార్యాలయం అంటోందని చెవిలో చెప్పారు. అప్పటికి టెప్కో పరికరాల ప్రకారమే ఒకటో రియాక్టర్లో ఇంధనం 55 శాతం, మూడోదాంట్లో 30 శాతం దెబ్బతింది. 5 శాతం దాటితే మెల్ట్‌డౌన్ అనాలని ఆ కంపెనీ సొంత మాన్యువల్లోనే ఉంది. అయినా ‘ఇంధనం దెబ్బతింది’ అంటూ మే దాకా లాక్కొచ్చారు. ఆ మాన్యువల్ సంగతి బయటపడటానికి ఐదేళ్లు పట్టింది. ఆ మాట వాడొద్దని చెప్పింది షిమిజునే అని 2016లో టెప్కోయే వేసిన లాయర్ల కమిటీ తేల్చింది. ప్రధాని కార్యాలయం ఒత్తిడి ఉన్నట్టుందని కూడా రాసింది, కాన్‌నూ ఎదానోనూ అడగకుండానే. ఇద్దరూ ఖండించారు. అప్పటి టెప్కో అధ్యక్షుడు నవోమి హిరోసె మాత్రం, దీన్ని కప్పిపుచ్చడమే అనాలి అని ఒప్పుకుని తలవంచారు.

ప్రమాద స్థాయి విషయంలోనూ ఇదే తీరు. ఏడు మెట్ల అంతర్జాతీయ కొలమానంలో మొదట 4 అన్నారు, మార్చి 18న 5 చేశారు, ఏప్రిల్ 12న ఏకంగా 7. చెర్నోబిల్‌తో సమానం.

ఇవన్నీ టోక్యోలో మాటల సంగతి. నమీయె పట్టణంలో అవి మనుషుల మీద పడ్డాయి. దాదాపు 21 వేల మంది ఉన్న ఊరు. ప్రమాదం జరిగితే తెలియజేస్తామని టెప్కోతో ఒప్పందం ఉన్నా తమకు కబురే రాలేదని పట్టణ పాలకులు చెప్పారు. టీవీలో చూసి, 12వ తేదీన జనాన్ని వాయవ్యంగా కొండల్లో ఉన్న త్సుషిమా అనే ప్రాంతానికి తరలించారు. కేంద్రానికి దూరం కాబట్టి క్షేమమనుకున్నారు. వేలమంది స్కూళ్లలో, హాళ్లలో సర్దుకున్నారు. పిల్లలు బయట ఆడుకున్నారు. పెద్దవాళ్లు వాగు నీళ్లతో అన్నం వండి పెట్టారు. రేడియేషన్ మబ్బు సరిగ్గా అటువైపే వెళ్లింది. మార్చి 15న వానా మంచూ పడి అదంతా నేలకు దిగింది.

గాలి ఎటు వీస్తుందో, రేడియేషన్ ఎటు పోతుందో లెక్కగట్టే ‘స్పీడీ’ అనే కంప్యూటర్ వ్యవస్థ జపాన్‌కు అప్పటికే ఉంది. వెయ్యి కోట్ల యెన్‌లకు పైగా పోసి కట్టుకున్నారు, ఇలాంటి రోజు కోసమే. అది లెక్కలు కట్టింది కూడా. మార్చి 14న అవి అమెరికా సైన్యానికి అందాయి. సొంత జనానికి మార్చి 23న చూపించారు. నమీయె మేయర్ తమోత్సు బాబా దీన్ని హత్యతో పోల్చారు.

ప్రభుత్వ వాదన కూడా వినాలి. ఎంత రేడియేషన్ బయటికొస్తోందో చెప్పే డేటా కేంద్రం నుంచి ఆగిపోయింది, ఊహించిన అంకెతో గీసిన మ్యాపు కాబట్టి నమ్మదగ్గది కాదు అన్నారు. పరిమాణం విషయంలో అది నిజమే. కానీ నమీయె వాళ్లకు కావాల్సింది పరిమాణం కాదు, దిక్కు. దిక్కు ఆ మ్యాపులో ఉంది. ప్రభుత్వమేమో కాగితం మీద వృత్తాలు గీస్తూ కూర్చుంది: 11 రాత్రి 3 కిలోమీటర్లు, 12 తెల్లవారుజామున 10, అదే సాయంత్రం 20. గాలికి వృత్తాలు తెలియవు. 30 కిలోమీటర్ల గీతకు బయట ఉన్న ఇతాటె గ్రామం దట్టంగా కలుషితమైనా, అధికారికంగా ఖాళీ చేయమన్నది ఏప్రిల్ 22న.

జనం బెంబేలెత్తుతారన్నది ప్రతి ప్రభుత్వానికీ ఉండే భయం. అది పూర్తిగా ఉత్తి భయం కాదు. హడావిడిగా తరలించడం వల్లే మార్చి నెలాఖరులోపు కనీసం 60 మంది రోగులు చనిపోయారని, ఈ ప్రమాదంపై విచారణ జరిపిన పార్లమెంటు కమిషన్ రాసింది. ఆస్పత్రి మంచాల మీది ముసలివాళ్లను బస్సుల్లో గంటల తరబడి తిప్పారు. కానీ ఈ చావులకు కారణం జనానికి ముందుగా తెలియడం కాదు, ఎవరికీ ఏదీ తెలియకపోవడం. 3 కిలోమీటర్ల ఆదేశం వచ్చేసరికి, ప్లాంటు ఉన్న ఊళ్లోనే ప్రమాదం సంగతి తెలిసినవాళ్లు 20 శాతమేనని అదే కమిషన్ సర్వేలో తేలింది. కంగారంతా పైన ఉన్నవాళ్లదే.

కాన్ మీద తీర్పు చెప్పడం కష్టం. కోపిష్టి. కింది అధికారుల మీద అరిచారు. 12 పొద్దున్నే హెలికాప్టర్లో ప్లాంటుకు వెళ్లి, నెత్తిన పని ఉన్న మేనేజర్ మసావో యోషిదా టైమ్ తిన్నారని తిట్టినవాళ్లున్నారు. తిట్టు న్యాయమే. అయితే ఒక దేశ ప్రధాని స్వయంగా వెళ్లి అడిగితే తప్ప రియాక్టర్లో ఏం జరుగుతోందో తెలియని పరిస్థితి ఎందుకొచ్చిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 15న తెల్లవారుజామున 5:35కు ఆయన టెప్కో ప్రధాన కార్యాలయానికే వెళ్లి, ప్రభుత్వం, కంపెనీ కలిసి పనిచేసే కేంద్రాన్ని అక్కడే పెట్టించారు. నా లెక్కలో కాన్ చేసిన అన్నిటికన్నా మంచి పని అదే. నాలుగు చేతులు మారి వచ్చే సమాచారం ఆ రోజు నుంచి నేరుగా రావడం మొదలైంది.

యోషిదా కథ మరీ విచిత్రం. 12 రాత్రి రియాక్టర్‌ను చల్లబరచడానికి సముద్రపు నీళ్లు పంపుతుంటే, ప్రధాని ఇంకా ఒప్పుకోలేదు, ఆపమని టెప్కో పెద్దల నుంచి ఒత్తిడి వచ్చింది. ఆయన తన మనిషిని దగ్గరకు పిలిచి, ఇప్పుడు ఆపమంటాను, నువ్వు మాత్రం ఆపొద్దు అని గుసగుసలాడి, వీడియో కాన్ఫరెన్సులో అందరికీ వినపడేలా ఆపండి అని ఆదేశించారు. నీళ్లు ఆగలేదు. పై వాళ్లకు అబద్ధం చెబితే తప్ప సరైన పని చేయలేని చోట, కిందివాళ్లకు నిజం ఎక్కణ్నుంచి వస్తుంది?

పరిస్థితి చేయి దాటితే 170 కిలోమీటర్ల వరకు తప్పనిసరిగా, టోక్యోతో కలిపి 250 కిలోమీటర్ల వరకు కోరుకున్నవాళ్లను తరలించాల్సి రావచ్చని, అణుశక్తి సంఘం అధ్యక్షుడు షున్సుకె కొందో మార్చి 25న ప్రధానికి రాసిచ్చారు. ఆ కాగితం పూర్తిగా బయటికి రావడానికి నెలలు పట్టింది. అసలు ఆ రోజుల్లో ఎవరు ఏం నిర్ణయించారో తెలుసుకుందామన్నా వీల్లేదు. విపత్తు కోసం ఏర్పాటైన 15 ప్రభుత్వ విభాగాల్లో పదింటికి మినిట్స్ రాసే దిక్కే లేదని 2012 జనవరిలో తేలింది. సాక్షాత్తూ ప్రధాని నాయకత్వంలోని అణు అత్యవసర కేంద్రం కూడా అందులో ఒకటి. మరుసటి నెలలో అమెరికా అణు నియంత్రణ సంస్థ ఇదే ప్రమాదంపై తన ఫోన్ సంభాషణలు, చర్చలు 3 వేలకు పైగా పేజీలు బయటపెట్టింది. ఇల్లు కాలినవాడి దగ్గర లెక్క లేదు, పొరుగువాడి దగ్గర ఉంది.

కియోషి కురొకావా నాయకత్వంలోని పార్లమెంటు కమిషన్ ఇది మానవ తప్పిదమేనని 2012 జులైలో తేల్చింది. విచారణలు బహిరంగంగా, ఇంటర్నెట్లో అందరూ చూసేలా జరిపింది. అంత పారదర్శకంగా చేసిన నివేదికకూ ఇంగ్లిష్‌లో ఒక ముందుమాట, జపనీస్‌లో ఒకటి. తప్పంతా ‘మా సంస్కృతిది’ అన్న మాట ఇంగ్లిష్‌లోనే ఉంది. సంస్కృతి మీదికి తోస్తే ఏ ఒక్కరూ జవాబు చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. దాని గురించి ఎప్పుడు మాట వచ్చినా మెగావాట్లు, పరిహారం, పునరావాసం దగ్గరే చర్చ ఆగిపోతుంది. సైరన్ మోగిన రోజున గాలి ఎటు ఉందో ఆ తీరంలోని మత్స్యకారుడికి ఎవరు, ఎన్ని నిమిషాల్లో, ఏ మాటల్లో చెబుతారన్నది ఇప్పుడే అడగాల్సిన సంగతి.

త్సుషిమాలో కొద్ది భాగానికి 2023 మార్చి 31న ఆంక్షలు ఎత్తేశారు. మిగతాది అలాగే ఉంది. వాగు పారుతూనే ఉంది, ఆ నీళ్లతో వండుకునేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వేరే ఊళ్లలో ఉన్నారు.