కత్తెర మింగిన తేదీ

పర్లాకిమిడిలో మందుల షాపుకెళ్లి అమ్మకి బీపీ మాత్రలు ఆరు అడిగాను. షాపాయన కత్తెరతో షీటుని టక్కున కోసి, కాగితం కవర్లో పడేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూద్దును కదా, మందు పేరు సగమే ఉంది. ‘ఎక్స్‌పైరీ’ అన్న మాట ఉంది, దాని పక్కనుండాల్సిన తేదీ మాత్రం రెండో ముక్కతో షాపులోనే ఉండిపోయింది!

వెనక్కెళ్లి అడిగితే, “పాతవి మేం అమ్ముతామేటి బాబూ?” అని నవ్వాడు. బ్యాచ్ నంబరుతో బిల్లిమ్మన్నాను. మొహం మాడ్చుకున్నాడు. నా వెనక నిలబడ్డాయన ఒడియాలో ఏదో గొణిగాడు. తెలుగులో గొణిగినా అదే అర్థం లెండి.

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే బ్యాచ్, గడువు అన్నీ తెలుస్తాయి. బాగుంది. ఆ కోడ్‌నీ మధ్యకి కోసేస్తే దేన్ని స్కాన్ చెయ్యాలి? పోనీ తేదీ ఉన్న వైపు చివరికంటా ఉంచి, ఇటువైపు నుంచి కొయ్యడానికి ఏం కష్టం?

వంకాయనైతే నాలుగుసార్లు తిప్పి చూసి కొంటాం. మాత్రల కవరు మాత్రం జేబులో పెట్టుకుని వచ్చేస్తాం, నాతో సహా.

ఆ ఆరూ ఫ్రిజ్ మీదే ఉన్నాయి. “పారెయ్యకురా, డబ్బులు పోసి కొన్నవి” అంటోంది అమ్మ.