పబ్లిక్ ఐపీ అడ్రస్ గారికి, సత్యనారాయణపురం నుంచి

మహారాజశ్రీ పబ్లిక్ ఐపీ అడ్రస్ గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి మీ చందాదారుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. 'అక్కడ' అంటే ఎక్కడో తెలియకే ఈ ఉత్తరం.

వన్‌టౌన్‌లో కొట్లో కూర్చుని ఇంటి గుమ్మం చూసుకుందామని కెమెరా పెట్టించాను. పెట్టినతను "మీ ఐపీ ఎంతండీ?" అన్నాడు. అంటే నెట్‌లో బయటివాళ్లకి కనిపించే మా ఇంటి చిరునామా నంబరు, అంటే మీరే. నెట్‌లో వెతికితే మీ నంబరుతో పాటు ఊరు కూడా చూపించింది: హైదరాబాదు! "అక్కడ మనకి ఇల్లెప్పుడు కొన్నారు?" అని మా ఆవిడ. నెట్ కంపెనీ వాళ్ల గేట్‌వే, అంటే మా నెట్ బయటికెళ్లే ద్వారం, ఉన్న ఊరే మీ ఊరుగా చూపిస్తారని నమ్మించేసరికి కాఫీ చల్లారింది.

ఇంట్లో ఫోన్లకి 192.168తో మొదలయ్యే నంబర్లున్నాయి. అవి బుజ్జి, చిన్నోడు లాంటి ముద్దుపేర్లు, ఏ ఇంట్లో చూసినా అవే. సరేనని రూటర్ పేజీ తెరిస్తే, వాన్ (WAN) ఐపీ, అంటే రూటర్‌కి కంపెనీ ఇచ్చిన నంబరు, దగ్గర మీరు లేరు. 100.72 అని ఇంకెవరో ఉన్నారు. 100.64 నుంచి 100.127 దాకా కంపెనీలు లోపల్లోపల పంచుకోవడానికి 2012లో పక్కన పెట్టిన నంబర్లట. అంటే మీరు నాకొక్కడికే కాదు, ఇంకా ఎంతమందికో!

ఇదెలాగంటే, అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబరు, ఎవరు ఏ ఫ్లాటో వాచ్‌మన్ పుస్తకంలోనే ఉంటుంది. మనం చెప్పి తెప్పించుకున్న పార్సిల్ పైకొస్తుంది. చెప్పకుండా వచ్చిన చుట్టం, ఎవరింటికో తేలక గేటు దగ్గరే ఆగిపోతాడు. కొట్లోంచి కెమెరా కోసం బయల్దేరిన నేనే ఆ చుట్టాన్ని. రూటర్లో పోర్ట్, అంటే బయటివాళ్లు లోపలికొచ్చే తలుపు, తెరిచి ఏం లాభం? వీధి గేటు తాళం కంపెనీ దగ్గరుంది.

పైగా మీ వాటాదారుల్లో ఎవడో వెధవ పని చేస్తే సైట్లు నన్ను అనుమానిస్తాయి. రోబోవి కాదని రుజువు చేసుకోమని ట్రాఫిక్ సిగ్నళ్ల బొమ్మలు ఏరమంటాయి, సాయంత్రం బెంజ్ సర్కిల్ దాటి ఇల్లు చేరినవాణ్ణి!

(వంద ఎంబీపీఎస్ ప్లాన్‌కి సెకనుకి పన్నెండు ఎంబీలే వస్తున్నాయని కూడా తిట్టబోయాను. ప్లాన్ లెక్క బిట్లలో, ఎంబీల లెక్క బైట్లలో, ఎనిమిది బిట్లయితే ఒక బైట్ అని మా అబ్బాయి ఆపాడు. అది మీ మీద వేయను.)

మీ కష్టమూ తెలుసు. 1981లో మీ కొలత రాసినవాళ్లకి 429 కోట్ల నంబర్లు బోలెడనిపించాయి. 2011 ఫిబ్రవరికల్లా పంపిణీ గోదాము ఖాళీ. మీ తమ్ముడు, కొత్త తరం ఐపీ అయిన ఐపీవీ6కి నంబర్ల కరువు లేదు గానీ, మా కెమెరాకి ఆయన ఎవరో తెలియదు. నెట్ అబ్బాయిని అడిగితే, "స్టాటిక్, అంటే మారని సొంత ఐపీ, తీసుకోండి, నెలనెలా ఎక్స్‌ట్రా అవుద్దండి" అన్నాడు. నా చిరునామాకి నేనే అద్దె కట్టాలన్నమాట.

ఇట్లు,
మీలో ఎన్నో వంతో తెలియని వాటాదారుడు

తా.క.: రాత్రి కరెంటు పోయొచ్చింది. రూటర్ వెలిగేసరికి మీ స్థానంలో కొత్తవారున్నారు. ఈ ఉత్తరం అందుకున్నవారు దయచేసి పాతవారికి చేరవేయగలరు.