కిటికీ అద్దం బిగించి లెన్స్‌ని తిట్టకండి

పాత స్టూడియోల చెక్క కెమెరాల్లో ముందుగా పగిలేది గ్రౌండ్ గ్లాసే, అంటే ఫోకస్ చూసుకోవడానికి లెన్స్ బొమ్మ పడే వెనకవైపు గరుకద్దమే. విశాఖలో చాలామంది అద్దాల షాపుకెళ్లి, బాత్రూమ్ కిటికీకి వేసే ఫ్రాస్టెడ్ గ్లాసు కోయించి బిగించేస్తున్నారు. ఆ అద్దం గరుకు చాలా ముతక. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే గింజలే కనిపిస్తాయి, బొమ్మలో సన్నని గీత కనిపించదు. సాండ్‌బ్లాస్ట్ (గాలి వేగంతో ఇసుక కొట్టించి గరుకు) చేయించినా అంతే. చేత్తో నూరుకుంటే పని ఒక్క పూటలో అయిపోతుంది, దయచేసి నూరుకోండి.

2 మి.మీ. మామూలు ఫ్లోట్ గ్లాసు చాలు. 4×5 (అంగుళాల ఫిల్మ్) కెమెరా వెనక అద్దం కూర్చునే గూడు కొలత ఒక్కో కెమెరాకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి గూడునే కొలిచి, పొడవు వెడల్పుల్లో 1 మి.మీ. తగ్గించి కోయించండి. నాలుగు మూలలూ అప్పుడే కత్తిరించాలి. బెలోస్ (కెమెరా మడతల తిత్తి) మూసేటప్పుడు గాలి పోయేది ఆ సందుల్లోంచే, లెన్స్ వెలుగు మూలలకి చేరుతోందో లేదో చూసేదీ అక్కడినుంచే. అంచుల్ని 220 వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది పదును తీసేయాలి. లేకపోతే నూరేటప్పుడు అంచు పెచ్చు ఊడి, ఆ ముక్కే అద్దమంతా గీరేస్తుంది.

నూరడానికి వాడే పొడి 600 గ్రిట్ (గింజ సన్నదనం అంకె) సిలికాన్ కార్బైడ్. ఇంజిన్ వాల్వులు నూరే పేస్టు వద్దు, అది జిడ్డు, పైగా ముతక. సమంగా ఉన్న గ్రానైట్ బండ మీద తడి న్యూస్‌పేపర్ పరిచి అద్దం పెట్టండి. అర చెంచా పొడి, చెంచా నీళ్లు వేసి, అంచులు రుద్దిన మూడంగుళాల అద్దం ముక్కతో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. కరకర శబ్దం తగ్గిందంటే పొడి అరిగిపోయినట్టే, కడిగి కొత్తది వేయాలి. ముక్క అతుక్కుపోతే బలంగా లాగకండి, నీళ్లు పోసి పక్కకి జరపండి. బీచ్ నుంచి వచ్చిన కాళ్లతో, బట్టలతో ఈ పనికి కూర్చోవద్దు. ఒక్క ఇసుక రేణువు పడితే గీత ఖాయం.

తడి అద్దం మోసం చేస్తుంది. ఆరబెట్టి ఏటవాలు వెలుగులో చూస్తే మూలల్లో నూరని మెరుపు మరకలు బయటపడతాయి. అక్కడ ముక్కని అంచు దాటించి తిప్పాలి.

మరీ నున్నగా నూరడమూ తప్పే. మధ్యలో వెలుగు మచ్చ, మూలల్లో చీకటి. అంతకన్నా పెద్ద చిక్కు, అద్దం మీద పడిన బొమ్మని వదిలి కన్ను గాల్లో తేలే బొమ్మని పట్టేస్తుంది, ఫోకస్ తప్పుతుంది.

నూరిన వైపు లెన్స్‌కేసి ఉండాలి. అలా ఉంటే అద్దం మందంతో ఫోకస్‌కి సంబంధమే లేదు, క్లిప్పులు పట్టాలి అంతే. తిరగేసి పెడితే మాత్రం ప్రతి ఫ్రేమూ తేడాగానే వస్తుంది. 4×5 హోల్డర్‌లో (ఫిల్మ్ పెట్టి కెమెరా వెనక దూర్చే చట్రం) ఫిల్మ్ ఉండే లోతు దాదాపు 5 మి.మీ.; నూరిన ముఖమూ సరిగ్గా అంతే లోతులో కూర్చోవాలి. డెప్త్ కాలిపర్‌తో రెండూ కొలవండి. తేడా 0.2 మి.మీ. దాటితే గూట్లో అద్దం కింద పల్చని కాగితం పెట్టో, గూడు గీకో సరిచేయాలి. ఫ్రెనెల్ (మూలల్లో వెలుగు పెంచే, గాళ్ల పల్చని లెన్స్ పలక) వేస్తే మీ కంటి వైపు వేయండి. లెన్స్ వైపు వేస్తే ఫోకస్ జరిగిపోతుంది.

గళ్లు కావాలంటే నూరిన వైపే మెత్తని పెన్సిల్‌తో గీసుకోండి, సబ్బునీళ్లకి చెరిగిపోతాయి.