యుద్ధం గురించి ఓటరు మాట్లాడకూడదా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఒక హితబోధ మొదలవుతుంది. ఎక్కడో పరాయి గడ్డ మీద జరిగే యుద్ధాన్ని చూసి ఓటు వేయకండి, మీ వీధినీ మీ బడినీ మీ ఆసుపత్రినీ చూసుకుని వేయండి అని. ఉక్రెయిన్ గురించి అడిగినా, గాజా గురించి అడిగినా అది నిపుణులకు వదిలేయవలసిన వ్యవహారమంటూ పెద్దలు సర్దిచెబుతారు. ఈ బోధను మేము ఒప్పుకోం. పైగా అది చేస్తున్నవారి నిజాయితీనే శంకిస్తున్నాం. యుద్ధం ఓట్లు తెచ్చిపెట్టినప్పుడు దాన్ని ఊరేగించిన నోళ్లే, ఓట్లు పోగొట్టే వేళకు అది ఓటరుకు సంబంధం లేని విషయమంటున్నాయి.

దూరాన జరిగే పోరులో నిజమేదో పుకారేదో సామాన్యుడు తేల్చుకోలేడని, ఆవేశంలో ఓటు పక్కదారి పడుతుందని అనేవారి మాటలో కొంత పస ఉంది. అయితే పన్నుల విధానమూ బ్యాంకుల నియంత్రణా అంతకన్నా తేలికైన విషయాలేమీ కావు. వాటి పేరు చెప్పి ఓటు అడగడానికి ఏ పార్టీకీ మొహమాటం లేదు.

అసలు యుద్ధాన్ని బ్యాలెట్ పెట్టె దగ్గరికి మోసుకొచ్చింది ఓటరు కాదు, పాలకులే. 1900లో బ్రిటన్ ప్రభుత్వం దక్షిణాఫ్రికాలో డచ్ సంతతి వలసదారులైన బోయర్ల మీద గెలిచేసినట్టేనన్న ఊపులో పార్లమెంటును రద్దు చేసి ప్రజల ముందుకు వెళ్లింది. సైనికుల దుస్తుల రంగును బట్టి దానికి ఖాకీ ఎన్నిక అని పేరే పడింది. ప్రభుత్వం గెలిచింది గానీ యుద్ధం 1902 మే దాకా ముగియలేదు. బ్రిటన్ నడిపిన నిర్బంధ శిబిరాల్లో 20 వేలకు పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు చనిపోయారు. వారిలో అత్యధికులు ఆ గెలుపు తరువాత చనిపోయినవారే. 1916లో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దేశాన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి దూరంగా ఉంచాడన్న నినాదంతో ఆయన పార్టీ ఓట్లు అడిగింది. ఐదు నెలలు తిరగకముందే, 1917 ఏప్రిల్‌లో, ఆ దేశం యుద్ధంలోకి దిగింది. ఆసియా యువకులు చేయవలసిన పనికి అమెరికా కుర్రాళ్లను పంపబోమని 1964 ప్రచారంలో చెప్పిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, 1965 మార్చిలో మెరైన్లను వియత్నాంలోని దా నాంగ్ తీరంలో దింపాడు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇన్నిసార్లు యుద్ధం పేరు చెప్పి ఓటు అడిగినవారు, అదే యుద్ధం గురించి ఓటరు తిరిగి అడిగితే ఎందుకు ఉలిక్కిపడాలి?

1968 మరీ దారుణం. అమెరికా అధ్యక్ష ఎన్నికల పోలింగ్ నవంబరు 5న. అక్టోబరు 31న జాన్సన్ ఉత్తర వియత్నాంపై బాంబు దాడులు ఆపుతున్నామని, పారిస్‌లో చర్చలు ముందుకు సాగుతాయని ప్రకటించాడు. నవంబరు 2న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ తాము ఆ చర్చలకు రాబోమన్నాడు. అప్పటికే ప్రతిపక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ ప్రచార బృందం అన్నా షెనాల్ట్ అనే మధ్యవర్తి ద్వారా దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌కు కబుర్లు పంపుతోంది. చర్చలకు ఎలాగైనా అడ్డం పడాలన్న నిక్సన్ ఆదేశం ఆయన సహాయకుడు హాల్డెమన్ రాసుకున్న కాగితాల్లో దొరికింది. దొరికింది ఎప్పుడు? దాదాపు యాభై ఏళ్లకు. ఆ కబుర్లు అందకపోయినా థియూ వచ్చేవాడు కాదేమోనన్న వాదన చరిత్రకారుల్లో ఉంది, ఉండనివ్వండి. నిక్సన్ ఒక శాతం కన్నా తక్కువ తేడాతో గెలిచాడు. వియత్నాంలో చనిపోయిన 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికుల్లో 20 వేలకు పైగా ఆయన గద్దెనెక్కాక చనిపోయినవారే. వియత్నామీయుల చావుల లెక్క లక్షల్లో ఉంది. ఈ బాగోతం జాన్సన్‌కు పోలింగుకు ముందే తెలుసు. తెలిసీ బయటపెట్టలేదు. ఇద్దరు నాయకులకు తెలిసిన సంగతి, ఓటు వేయవలసినవారికి మాత్రం తెలియలేదు. ఓటరుకు యుద్ధం అర్థం కాదని చెప్పేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి. అర్థం కాకపోవడం వేరు, తెలియనివ్వకపోవడం వేరు.

తెలుసుకోవాలని ఓటరు పట్టుబడితే ఏమవుతుందో 2004లో స్పెయిన్ చూపించింది. మార్చి 11 ఉదయం మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా మరణించారు. మూడు రోజుల్లో పోలింగ్. ఇరాక్ యుద్ధానికి మద్దతిచ్చిన అజ్నార్ ప్రభుత్వం, ఆ పని బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏదేనని పట్టుబట్టింది. ఇస్లామిస్టుల వైపు వేలు చూపే డిటొనేటర్లు, అరబిక్ టేపు ఉన్న వ్యాను పోలీసులకు ఆ రోజే దొరికినా ఆ పట్టు సడలలేదు. పోలింగుకు ముందురోజు సాయంత్రం జనం అధికార పార్టీ కార్యాలయం ముందు చేరి, ఓటు వేసేలోగా నిజం చెప్పమని నిలదీశారు. మరునాడు ప్రభుత్వం ఓడిపోయింది. ఉగ్రవాదానికి స్పెయిన్ తలవంచిందని ఆనాడు ఎందరో నిందించారు. అది అన్యాయమైన నింద. ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పిస్తానని, ఆ ఎన్నికలో గెలిచిన ప్రతిపక్ష నేత జపాతెరో బాంబులు పేలకముందే మాట ఇచ్చాడు. ఇరాక్ యుద్ధం వద్దని స్పెయిన్ జనం ఏడాది ముందే లక్షలుగా వీధుల్లోకి వచ్చారు.

యుద్ధానికీ ఓటుకూ సంబంధం లేదనేవారు 1971ని కూడా మరిచిపోతున్నారు. వియత్నాంకు 18 ఏళ్ల కుర్రాళ్లను పంపిన అమెరికాలో అత్యధిక రాష్ట్రాల్లో ఓటు వయసు 21. తుపాకీ మోయడానికి పనికొచ్చినవాడు ఓటు వేయడానికి పనికిరాడా అన్న ప్రశ్నకు తట్టుకోలేకే రాజ్యాంగానికి 26వ సవరణ చేశారు. ఆ దేశంలో పద్దెనిమిదేళ్లవారి చేతికి ఓటు వచ్చిందే యుద్ధం వల్ల. ఇక ప్రతినిధి ఒక్కడి వల్ల ఏమవుతుందని పెదవి విరిచేవారు, 2013 ఆగస్టు 29న సిరియాపై సైనిక చర్య తీర్మానం బ్రిటన్ కామన్స్ సభలో 285-272తో ఓడిన రాత్రిని గుర్తుతెచ్చుకోవాలి. తేడా పదమూడే ఓట్లు.

ఓటర్లతోనూ ఒక మాట గట్టిగా చెప్పాలి. చివరి వారం వార్తను నమ్మి మాత్రం ఓటు వేయకండి. వియత్నాంలో శాంతి చేతికందిందని 1972 అక్టోబరు 26న నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ విలేకరులకు చెప్పాడు. నవంబరు 7న నిక్సన్ ఘనంగా గెలిచాడు. డిసెంబరు 18న ఉత్తర వియత్నాం రాజధాని హనోయిపై బాంబుల వర్షం మొదలైంది. మీరు చూడవలసింది పోలింగుకు ముందు వెలువడే కాల్పుల విరమణ ప్రకటనను కాదు, పదవిలో ఉన్నన్నాళ్లూ చేసిన సంతకాలను. ఆయుధాల అమ్మకానికి ఎవరు అనుమతిచ్చారు, ఆంక్షలపై ఎవరు ఎటు చేయెత్తారు, శరణార్థుల ముందు ఎవరు తలుపు మూశారు, సైన్యాన్ని పంపేముందు సభను ఎవరు అడిగారు, ఎవరు అడగలేదు. ఇవన్నీ రికార్డుల్లో ఉన్నాయి. నిపుణుడు కానక్కర్లేదు, అడిగితే చాలు.

అడిగినప్పుడు విదేశాంగ విషయాలు మీకెందుకని ముఖం చాటేసే అభ్యర్థులకు సిగ్గుండాలి. ఆ మాట అనే ముందు, సైనికుల పక్కన నిలబడి దిగిన ఫొటోలను మీ ప్రచార పత్రాల నుంచి తీసేయండి.