'అంటే ఏటంటే' గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'అంటే ఏటంటే' గారి సముఖమునకు,

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి కాపురస్తుడు, తమ చిరకాల బాధితుడు వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ నేను కుశలం కాదు. తమరు కుశలమేనని మొన్న ఆదివారం సాయంత్రం గంటసేపు నా ఎడమ చెవి పక్కన కూర్చుని స్వయంగా తెలియజేశారు కాబట్టి అడగడం లేదు.

తమరెవరో ఈ ఊళ్ళో చెప్పక్కర్లేదు. అయినా చెప్తారు. ఏదైనా విప్పి చెప్పబోయే ముందు జనం నోట వచ్చే మాట కదా తమరు, అదే తమ వృత్తి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, సంతలో కొండ దిగి వచ్చినవాళ్ళ దగ్గర సవర. ఇన్ని మాటల మధ్య తమరు లేకపోతే వంకాయల బేరం కూడా తెగదు. ఒప్పుకుంటాను. ఒడియాలో రాసిన దస్తావేజు పట్టుకుని ఆఫీసు వరండాలో దిక్కులు చూస్తుంటే ఒకాయన నోట వెలిసి నన్ను కాపాడింది తమరే. ఆ అప్పు నాకు గుర్తుంది. అప్పిచ్చినవాడు వీధి అరుగు మీద కూర్చుంటే సరే, పడగ్గదిలోకొచ్చి మంచం మీద కూర్చుంటానంటే ఏం చెయ్యాలి?

అసలు సంగతికొస్తాను. మా కుర్రాళ్ళు కొందరు నెలకో పాత సినిమా వేస్తున్నారు. ఈ నెల ఏది వెయ్యాలని వాళ్ళు తల పట్టుకుంటే, తెలుగుదైతే ఒడియా వాళ్ళు రారు, ఒడియాదైతే మనవాళ్ళు గొణుగుతారు, మాటల్లేని సినిమా వెయ్యండ్రా నానా, ఏ తగువూ ఉండదు అన్నవాణ్ణి నేనే. ఫ్రెంచి హాస్యనటుడు మేక్స్ లిండర్ పేరు చెప్పిందీ నేనే. 1922లో ఆయన తీసిన 'ది త్రీ మస్ట్-గెట్-దేర్స్'. పడ్డం, లేవడం, పరిగెత్తడం, తన్నుకోవడం. దీనికి భాషెందుకు? కుర్రాళ్ళు మురిసిపోయి గోడల మీద కాగితాలు అంటించారు: "ఈ సినిమా చూడ్డానికి ఏ భాషా రానక్కర్లేదు." ఆ మాటనే తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి, హిందీలో ఒకసారి రాశారు. ఆ మూడు వరసలు చూసినప్పుడే నాకు ఒళ్ళు జలదరించాల్సింది.

మూడు గంటలన్న ఆట నాలుగుంపావుకి మొదలైంది. దానికి తమరిని అనను. మూగ సినిమా గొప్పతనం గురించి ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడారు, మౌనాన్ని మించిన భాష లేదన్న మాట పదకొండుసార్లు చెప్పారు. లెక్కపెట్టాను, వేరే పనేముంది కనక. నా కుర్చీకి ఒక కాలు పొట్టి. ఫ్యాను నా మీద తప్ప ఊరందరి మీదా తిరిగింది. ఇవన్నీ మనకి అలవాటే.

దీపాలు ఆర్పారు. తెర మీద బొమ్మ పడింది. పడ్డ నిమిషానికి నా ఎడమ పక్కాయన వాళ్ళావిడ వైపు వంగి, "గుర్రం" అన్నాడు.

గుర్రమే. నాకు కనిపిస్తోంది. ఆవిడకి కనిపిస్తోంది. గుర్రానికి కూడా ఆ విషయంలో అనుమానం ఉన్నట్టు లేదు. ఆయన అంతటితో ఆగలేదు. "అంటే ఏటంటే, ఆడు గుర్రమెక్కి ఊరెల్తన్నాడు" అన్నాడు. వచ్చేశారు తమరు. జోళ్ళు బయట విప్పుకుని, కాళ్ళు బారచాపుకుని, ఇక సినిమా అయ్యేదాకా కదల్లేదు.

తమరొక్కరే వస్తే ఏదోలా ఓర్చుకునేవాణ్ణి. ముందు వరసలో తమ ఒడియా తమ్ముడు 'మానే' గారు వేంచేసి ఉన్నారు. వెనక వరసలో ఉద్యోగరీత్యా పై ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం, వాళ్ళతోపాటు తమ హిందీ తమ్ముడు 'మతలబ్' గారు. మధ్యమధ్య ఒక కాలేజీ కుర్రాడి నోట్లోంచి 'ఐ మీన్' దొరగారు తొంగిచూస్తున్నారు. ఆ సినిమా వెక్కిరించిన నవల కూడా ఇలాంటిదే. అలెగ్జాండర్ డ్యూమా 1844లో రాసిన 'త్రీ మస్కటీర్స్', ఫ్రాన్సు రాజుగారి కాపలా వీరుల కథ. పేరుకి ముగ్గురు, తీరా చూస్తే నలుగురు. అందరి కోసం ఒక్కడు, ఒక్కడి కోసం అందరూ అని ఒట్టేసుకున్నవాళ్ళు. తమరు నలుగురూ అదే ఒట్టు ఏ గుళ్ళో వేసుకున్నారో తెలీదు గానీ, మొన్న మాత్రం నిలబెట్టుకున్నారు.

నేను మరిచిపోలేని ముచ్చట ఒకటుంది. మిగతావన్నీ క్షమించినా దీన్ని క్షమించను.

మేక్స్ చుట్టూ కార్డినల్, అంటే కథలో విలనైన పెద్ద మతగురువు, మనుషులు వలయం కట్టారు. అన్ని వైపులా కత్తులే, తప్పించుకునే సందు లేదు. అందరూ ఒక్కసారి మీదికి దూకి పొడిచే క్షణం. నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆ కుర్చీ కూడా నాతోపాటు ఊపిరి బిగబట్టి కిర్రుమనలేదు. సరిగ్గా అప్పుడు నా ఎడమ చెవిలో, "ఇప్పుడు కూకుంటాడు సూడు."

కూకున్నాడు. వాళ్ళ కత్తులు వాళ్ళకే దిగాయి.

వందేళ్ళ కింద ఒక మనిషి ఆ ఒక్క రెప్పపాటు కోసం ఎంత ఆలోచించి ఉంటాడు! నవ్వు బయటికొచ్చేది ఆ రెప్పపాటులోనే. తమరు దాన్ని ముందే విప్పి, ఆరేసి, మడతపెట్టి మా చేతికిచ్చారు. ఇచ్చాకైనా ఊరుకున్నారా? "కూకున్నాడా? కూకుంటే ఏటయింది? ఆళ్ళలో ఆళ్ళే పొడుసుకున్నారు." ముందు వరసలోంచి, "మానే, బసిపడిలా." వెనక నుంచి, "మతలబ్, బైఠ్ గయా." తెర మీద మేక్స్ ఒక్కసారే కూర్చున్నాడు. మా హాల్లో నాలుగుసార్లు కూర్చున్నాడు. నాలుగోసారి కూర్చునేసరికి తెర మీద వేరే ఊరు, వేరే గొడవ. అప్పుడు నవ్వారు జనం. ఏం చూసి నవ్వారో తెర మీది వాళ్ళకి కూడా అర్థమై ఉండదు.

తర్వాత మోటారు సైకిలు వచ్చింది. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో, టోపీలో ఈక పెట్టుకున్న వీరులకి మోటారు సైకిలు! టెలిఫోను కూడా ఉంది. అదే అందులో మజా. "అంటే ఏటంటే, అప్పట్లో మోటారు సైకిళ్ళు నేవు" అని తమరు సెలవిచ్చారు. అక్కడితో పోయేది. పక్క వరసలో ఒక పెద్దాయన, "మనకి నేవు. ఆ దేశంలో ఉండేవేమో" అన్నాడు. ఇద్దరూ దాని మీద వాదం వేసుకున్నారు. ఆ వాదం తెగేలోగా రాజుగారి పరువు, రాణిగారి పరువు రెండూ ఎలా నిలబడ్డాయో నేను చూడలేకపోయాను.

జపానులో మూగ సినిమాల రోజుల్లో బెన్షీలని ఉండేవారు. తెర పక్కన కూర్చుని కథ చెప్పేవారు. జనం నటుల పేరు కాదు, బెన్షీ పేరు చూసి టికెట్టు కొనేవారట. తామూ ఆ వంశమేనని తమరు అనొచ్చు. ఆ మహానుభావులు తెర పక్కన కూర్చునేవారు. నా పక్కన కాదు.

సరే, ఇంత సేవ చేసేవారు, పని పడ్డప్పుడు ఎక్కడికి పోయారు? ఇది అడగడానికే ఈ ఉత్తరం.

ఆ సినిమాలో విప్పి చెప్పాల్సింది నిజంగా ఒకటి ఉంది. మధ్యలో తెర మీద ఇంగ్లీషు మాటలు రాసిన కార్డులు పడతాయి, ఆ కార్డుల్లో పేర్లున్నాయి. మస్కటీర్స్ అన్న మాటనే సాగదీసి మస్ట్-గెట్-దేర్స్ చేశాడు, చేరి తీరాల్సినవాళ్ళని. నవలలో హీరో డార్టాన్యాన్, ఇక్కడ 'డార్ట్-ఇన్-ఎగైన్', మళ్ళీ లోపలికి దూరేవాడు. కార్డినల్ రిషెల్యూ వచ్చి 'లిల్ కార్డినల్ రిచీ-లూ' అయ్యాడు. ఆథోస్, పోర్థోస్, అరామిస్ అనే వీరాధివీరులు ముగ్గురూ వాల్రస్, ఆక్టోపస్, పోర్పస్. సముద్రంలో ఉన్న జంతువులన్నిటికీ కత్తులు కట్టి వదిలాడు. జరుక్ శాస్త్రి పేరడీకి నవ్వు రావాలంటే శ్రీశ్రీ పద్యం ముందే నోటికి వచ్చుండాలి కదా, ఇదీ అంతే. నవల తెలిస్తేనే ఆ పేర్లు పేలతాయి. మా హాల్లో నవల చదివినవాళ్ళు ఎంతమంది? ఇక్కడ కావాలి తమరు. ఇక్కడ చెప్పాలి అంటే ఏటంటే అని. మన దేశంలో మూగ సినిమాలు తీసినవాళ్ళు కూడా ఈ బాధ తెలిసే కార్డుల మీద రెండు మూడు భాషల్లో రాయించేవారు.

కార్డు పడింది. ఎడమ పక్క నిశ్శబ్దం. ముందు నిశ్శబ్దం. వెనక నిశ్శబ్దం. ముఖ్య అతిథి పదకొండుసార్లు పొగిడిన మౌనం అదేనేమో, హాలంతా పరుచుకుంది. ఆగలేక నేనే ఎడమ పక్కాయన్ని గోకి, "ఇదేటో ఆవిడకి చెప్పండి" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "అది ఇంగ్లీషు కదండీ, వట్టి పేర్లే" అన్నాడు.

పడితే పడ్డాడంటారు, లేస్తే లేచాడంటారు. కళ్ళున్నవాడికి కనిపించేదల్లా చెప్తారు. చెప్తే తప్ప తెలియనిది వచ్చేసరికి చేతులెత్తేస్తారు. ఇదేం న్యాయం? ఇదేం పొట్టకూడు? సిగ్గుండాలి కదా! ఆ మేక్స్ బతుకు తెలుసా తమరికి? చాప్లిన్ అంతవాడు తనకి గురువని చెప్పుకున్న మనిషి. అమెరికా వెళ్ళి మూడు పెద్ద సినిమాలు తీశాడు, ఇది ఆఖరిది. 1925లో, నలభై ఒకటో ఏట పోయాడు. అప్పటికి చంటిపిల్లగా ఉన్న కూతురు పెద్దయ్యాక తండ్రి సినిమాలు దొరికినన్ని వెతికి, ఏరి, మళ్ళీ జనం ముందు పెట్టింది. అంత దూరం నుంచి, అంత కష్టపడి మా ఊరి మహేంద్రతనయ నది ఒడ్డుకి చేరిన నవ్వుని గుమ్మంలోనే గొంతు పిసికారు.

ఇంకో సంగతి. ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకి చదువు చెప్పారు. ఇక్కడే సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు కట్టారు. చదివినవాడు ఇంకొకణ్ణి అడిగి అర్థం తెలుసుకోవాల్సిన పని లేని తెలుగు రాయండ్రా బాబూ అని పండితులతో జన్మంతా పోట్లాడారు. 1936లో ఒరిస్సా ఏర్పడి ఊరు అటు వెళ్ళిపోయాక ఆయన రాజమండ్రి తరలిపోయారు. తమరి వల్లనని అనను. కానీ ఆ మహానుభావుడు తమరిని తరిమిన ఊళ్ళోనే తమరు ఇంత ఏపుగా పెరిగారంటే, మందు సరిగ్గా పడలేదన్నమాట.

ఫోన్లో జోకు పంపి, కింద నవ్వే బొమ్మలు ఆరు పెట్టి, ఆపైన 'అర్థమైందా?' అని అడిగే మా బావమరిది గురించి కూడా రాద్దామనుకున్నాను. వద్దులెండి, పండక్కి వస్తున్నాడు.

కోపంగానే ఇంటికొచ్చాను. మా ఆవిడ గిన్నెలు బోర్లిస్తూ, "ఏటి సినిమా?" అంది. ఏం లేదు, పాడుచేశారు అన్నాను. "ఏటి పాడుసేసినారు?" అంది. చెప్పాలి కదా మరి. డ్యూమా దగ్గర మొదలుపెట్టాను. మస్కటీర్లంటే ఎవరో చెప్పాను. ఆక్టోపస్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆపి ఇటు తిరిగింది. కత్తుల వలయం దగ్గర మాటలు చాల్లేదు. అట్లకాడ, గరిటె, చపాతీ కర్ర తీసి పొయ్యి గట్టు మీద వరసగా పెట్టి, ఇవి కత్తులు అని, మధ్యలో నేను నిలబడి, ఇప్పుడు సూడు అని, దబ్బున కూర్చున్నాను.

మోకాలు టప్పుమంది. ఆవిడ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గట్టుకి ఆనుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. మా హాల్లో నూట యాభై మంది కలిసి నవ్వని నవ్వు. నాకింకా పౌరుషం. నేల మీద కూర్చునే వేలు పైకెత్తి, "అంటే ఏటంటే..." అన్నాను.

"తెలిసింది నెండి," అంది. "ముందు లెగండి."

ఇట్లు,
తమ ఎడమ చెవి బాధితుడు

తా.క.: వచ్చే నెల మళ్ళీ ఆట ఉందట. ఈసారి మాటలున్న సినిమా, అదీ ఫ్రెంచిలో, కింద ఇంగ్లీషు అక్షరాలతో. ఆ అక్షరాలు నేను చదివేలోగా మాయమవుతాయి, కళ్ళజోడు మార్చి రెండేళ్ళయింది. తమరు ఎక్కడెక్కడో కూర్చోవద్దు. నా ఎడమ పక్క కుర్చీ మీద తువ్వాలు వేసి ఉంచుతాను.