లేని బెల్ట్‌కి వారంటీ అమ్ముతున్నారు

ఇప్పుడే సెకండ్ హ్యాండ్ కార్ల షోరూమ్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. బావ ఒక హైబ్రిడ్ కారు మీద మనసు పడ్డాడు. సేల్స్ అబ్బాయి "సీవీటీ కదా సార్, లోపల బెల్ట్ అరిగితే లక్షన్నర. మా వారంటీ తీసుకోండి" అన్నాడు. బావ అప్పటికే ఫోన్ తీసి స్కాన్ చేయబోతున్నాడు.

సీవీటీ అంటే మెట్లు లేకుండా గేరు మారే గేరుబాక్సు, మామూలుగా అందులో బెల్ట్ ఉంటుంది. కానీ ఈ కారులో బెల్టే లేదండీ! 1997లో టొయోటా ప్రియస్ కారుతో వచ్చిన పద్ధతి ఇది. పేరు ఈ-సీవీటీ, ఉన్నవన్నీ గేర్లే. మధ్యలో సన్ గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, వాటిని చుట్టి లోపలివైపు పళ్లున్న రింగు. చిన్న గేర్లను మోసే క్యారియర్‌ని ఇంజన్ తిప్పుతుంది. సన్ గేరుకి జనరేటర్ ఉంటుంది. రింగు చక్రాల వైపు, పెద్ద మోటార్ కూడా అటే. పాత ప్రియస్‌లో సన్‌కి 30 పళ్లు, రింగుకి 78. అందుకే ఇంజన్ టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, దాదాపు 72 శాతం నేరుగా చక్రాల వైపు, మిగతా 28 జనరేటర్‌కి వెళ్తాయి. అక్కడ పుట్టిన కరెంటు మోటార్‌కి చేరి అదీ చక్రాలనే తిప్పుతుంది. జనరేటర్ వేగం మారిస్తే చాలు, గేరు మార్చినట్టే.

బెల్ట్ ఉన్నది పక్కనున్న మైల్డ్ హైబ్రిడ్‌లో! ఇంజన్‌కి బెల్ట్‌తో తగిలించిన చిన్న మోటార్ అది. ఇంజన్‌కి సాయం పడుతుందంతే, ఒంటరిగా కారుని లాగలేదు. దాన్ని కూడా "ఇదీ హైబ్రిడ్డే సార్" అని చూపించాడు.

ఏం చదివావని అడిగితే మెకానికల్ బీటెక్ అన్నాడు. ఇక వాడిని ఏమీ అనలేకపోయాను. నేనూ అదే చదివాను. ఈ సన్, రింగు గేర్ల అమరికనే ఎపిసైక్లిక్ గేర్ ట్రైన్ అంటారు. మాకు అది నోట్‌బుక్‌లో గీసే ఒక టేబుల్. x, y రాసి, కూడి, మార్కులు తెచ్చుకున్నాం. ల్యాబ్‌లో అసలు మోడల్ ఉండేది, గాజు బీరువాలో, తాళం వేసి. పాడవుతుందట! నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ముట్టుకోనివ్వలేదు. ఫీజుకి మాత్రం ఒక్క రోజు ఆగలేదు.

నేను అలాంటి గేర్లను మొదటిసారి ముట్టుకున్నది ఉద్యోగంలో చేరాక, పాడైన బ్యాటరీ డ్రిల్ విప్పినప్పుడు. గ్రీజు తుడిచి, క్యారియర్‌ని బిగించి పట్టుకుని సన్ గేరు తిప్పాను. రింగు వెనక్కి తిరిగింది. ఆ టేబుల్లో మైనస్ గుర్తు ఎందుకొస్తుందో అప్పుడు అర్థమైంది, నాకు ఇరవై ఆరేళ్ల వయసులో.

ఆ గేర్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఆదివారం వాటిని కవర్లో వేసుకుని ఆ షోరూమ్‌కి మళ్లీ వెళ్తున్నాను. ఆ అబ్బాయి చేతిలో పెట్టి తిప్పమంటాను.